చేతిలో డబ్బు ఆడని రోజుల్లో హైకూ

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

అప్పులు, ఫీజులు, పలకని ధరలు, ఆగిన పనులు. ఈసారి హైకూ (మూడు పాదాల జపాను పొట్టి కవిత) శీర్షికకు వచ్చిన ఉత్తరాలు దాదాపుగా వీటి చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. డబ్బు సంగతులు కాబట్టి రాసినవాళ్ల పేర్లు తీసేసి పేట పేరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: ‘అప్పుల బాధ / గుండెను కోస్తున్నది / ఎవరు దిక్కు’ అని రాశాను. మూడు పాదాలకూ 5–7–5 లెక్క సరిగ్గా వచ్చింది. సూత్రాల గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాం. మా ఇంటావిడ మాఘమాసంలో పెళ్లిళ్లకు పసుపుతాడుతోనే వెళ్లింది. ఆ బాధలోంచే రాశానండీ. అయినా మిత్రుడొకాయన ఇది హైకూ కాదన్నాడు. ఏం తక్కువైంది? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: లెక్కలో ఏమీ తక్కువ కాలేదు. అసలు హైకూ మీ కవితలో లేదు, మీ ఉత్తరంలో ఉంది. ‘అప్పుల బాధ’ సీసా మీద అంటించిన చీటీ లాంటిది. లోపల ఏముందో చదివేవాడికి రుచి తెలియదు. ‘గుండెను కోయడం’ వెయ్యి పాటల్లో అరిగిపోయిన మాట. ‘ఎవరు దిక్కు’ అనగానే చదివేవాడి చేత జాలి అడిగి పుచ్చుకున్నట్టవుతుంది. అడిగితే వచ్చే జాలి హైకూకి పనికిరాదు.

ఇలా చేసి చూడండి. ముందు కవిత్వం మాట మర్చిపోయి, కంటికి, చెవికి, ముక్కుకి, చర్మానికి తెలిసినవి మాత్రం చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. ‘గొలుసు బ్యాంకులో ఉంది. మెడలో పసుపుతాడు ఉంది. మాఘమాసం, పెళ్లి. పట్టుచీర కట్టుకుంది. తాడు కనపడకుండా పమిట సర్దుకుంది.’ ఐదు వాక్యాలు చాలు. ఇప్పుడు వీటిలో కారణం చెప్పే వాక్యం ఏదో చూసి దాన్ని కొట్టేయండి. ఇక్కడ అది మొదటిది. కొట్టేయడానికి చెయ్యి రాదు, ఎందుకంటే బాధకు మూలం అదే. కానీ హైకూకి కావలసింది మూలం కాదు, అది పైకి తేలిన చోటు. మిగిలిన వాటిని రెండు కుప్పలు చేయండి: కాలం ఒకవైపు, కంటికి కనిపించింది ఒకవైపు. క్రియలు తీసేసినా అర్థం నిలబడితే తీసేయండి.

మాఘ ముహూర్తం —
పసుపుతాడు మీద
పట్టు పమిట

‘పసుపుతాడు శుభమే కదా, దానితోనే ఉండేవాళ్లు బోలెడుమంది, కుదువ సంగతి ఎలా తెలుస్తుంది?’ అని మీరు అడగొచ్చు. కొందరికి తెలియదు. వాళ్లకి పెళ్లిలో ఒక ఆడమనిషి కనిపిస్తుంది, అది నష్టమేమీ కాదు. గొలుసు ఒక్కసారైనా బ్యాంకు కౌంటరు మీద పెట్టిన ఇంట్లో ఈ మూడు పాదాలు విప్పి చెప్పక్కర్లేదు. ఇంకాస్త ఆసరా ఇవ్వాలనుకుంటే చివరి పాదం ‘లాగిన పైట’ అనవచ్చు. అప్పుడు ఆ చెయ్యి కనిపిస్తుంది గానీ పట్టు పోతుంది. మా ఓటు పట్టుకే. తాడు ఖరీదుకీ చీర ఖరీదుకీ మధ్య ఉన్న దూరమే కదా అసలు విషయం.

ప్రశ్న: 5–7–5 అంటే అక్షరాలు లెక్కపెట్టాలా, మాత్రలా? ‘బ్యాంక్’ ఒకటా రెండా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: జపనీయులు లెక్కపెట్టేది మన మాత్రకు దగ్గరగా ఉంటుంది. వాళ్లకి దీర్ఘం రెండు, ఒత్తుకు ముందు ఆగే విరామం ఒకటి, చివరి ‘న్’ ఒకటి. ‘టోక్యో’ మనకు రెండక్షరాలు, వాళ్లకు నాలుగు. ‘నిప్పోన్’ కూడా అంతే, మనకు రెండు, వాళ్లకు నాలుగు. అందువల్ల వాళ్ల 17లో పట్టే సరుకు మన 17 అక్షరాల్లో పట్టేదానికన్నా తక్కువ. ఈ కింది హైకూ చూడండి:

తొలి చినుకు —
పోయినేటి బూట్లలో
వంగిన వేళ్లు

అక్షరాలు 5–7–5, మొత్తం 17. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున మాత్రలు లెక్కిస్తే 5–11–7, మొత్తం 23. జపాను కొలతకు ఇది బరువే.

తెలుగులో అక్షరాల లెక్కే వాడుకలో ఉంది, అదే పాటించండి. సంయుక్తాక్షరం ఒకటే, సున్నా ముందు అక్షరంలో కలిసిపోతుంది, పొల్లుకు లెక్క లేదు. కాబట్టి ‘బ్యాంక్’ ఒకటి, ‘బ్యాంకు’ రెండు. ‘లోన్’ ఒకటి, ‘లోను’ రెండు. లెక్క కుదరడం కోసం ఒకచోట అలా, ఒకచోట ఇలా రాయకండి. మీ నోట్లో ఎలా పలుకుతుందో అలా రాయండి. గుంటూరు నోటికి బ్యాంకు, బస్సు, ఫ్రిజ్జు, లోను అనే వస్తాయి.

17 నిండలేదని మాటలు కూరడం మాత్రం చెడ్డ అలవాటు. ‘అయ్యో’, ‘మరి’, ‘నేడు’, ‘ఈ’, ‘ఆ’. వచ్చిన హైకూల్లో మేం మొదట కొట్టేసేవి ఇవే. పన్నెండు పదమూడు అక్షరాల్లో పని జరిగిపోతే అక్కడే ఆపండి. పొట్టి–పొడుగు–పొట్టి అనే నడక ఉంటే చాలు.

ప్రశ్న: హైకూలో ఋతువు ఉండాలంటారు. వెన్నెల, పూలు, కప్పలు సరే. పని దొరకని మేస్త్రికి ఋతువేంటండీ? అసలు డబ్బు గొడవలు హైకూ ఒంటికి పడతాయా? (పటమట, విజయవాడ)

జవాబు: రెండో దానికి ముందు చెబుదాం. హైకూ పెద్దల్లో ఒకడైన ఇస్సా (1763–1828) రైతు కొడుకు. తండ్రి 1801లో పోయాక ఆస్తి పంపకం కోసం సవతి తల్లితో, సవతి తమ్ముడితో తగాదా నడిచింది. అది తేలేసరికి 1813 వచ్చింది. చివర్లో ఇల్లు కాలిపోతే సామాన్ల కొట్టులో తలదాచుకుని అందులోనే చనిపోయాడు. ఆయన నత్తల మీద, ఈగల మీద, పిచ్చుకల మీద రాసిన వాటి వెనకాల ఉన్నది ఈ బతుకే. వాటా, ఇల్లు, ఆకలి తెలియని మనిషి కాదు.

ఇక మేస్త్రి ఋతువు. పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర నిలబడి చూసిన పాఠకుడొకరు ఇలా పంపారు:

పది దాటింది —
అడ్డా మీద తాపీలు
ఇంకా శుభ్రంగా

మంచి హైకూ. తాపీకి సిమెంటు అంటలేదంటే ఆ పూట కూలి లేదని వేరే చెప్పాలా? కానీ గంట ఉంది, కాలం లేదు. మొదటి పాదం ‘ఆషాఢమాసం’ అని మార్చి చూడండి. ఐదక్షరాలే. ఆషాఢంలో శంకుస్థాపనలు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, కొత్త పనులు మొదలుకావు. పని ఎందుకు లేదో ఒక్క మాటలో వచ్చేసింది. ఋతుపదం చేసే పని ఇదే. అలంకారం కాదది, కారణాన్ని చెప్పకుండా చెప్పే అడ్డదారి. అయితే చిక్కొకటి వచ్చింది: ‘పది దాటింది’ పోయాక ‘ఇంకా’ అన్న మాటకు ఆసరా లేదు. ఎప్పటిదాకా ఇంకా? అందుకని:

ఆషాఢం ఎండ —
అడ్డా మీద తాపీలు
ఇంకా శుభ్రంగా

ఎండ ఎక్కిందంటే పొద్దెక్కినట్టే. నెలా ఉంది, వేళా ఉంది. తాపీ మీద ఆ ఎండ మెరుస్తుంది కూడా, అది కొసరు.

మన ప్రాంతానికి ఋతుపదాల పట్టిక ఎవరికి వారు రాసుకోవాలి. జపాను పట్టికలు చూసి చెర్రీ పూలు తెచ్చుకుంటే బందరు కాలవ గట్టున అవి వాడిపోతాయి. నోటుబుక్కులో నెలకో పేజీ వదిలి, ఆ నెలలో డబ్బు ఎటు పోతుందో, ఎటు నుంచి రావాలో రాయండి. వైశాఖంలో ఆవకాయ, రోహిణి కార్తెలో ఎండ, కరెంటు బిల్లు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె, బడి ఫీజు, బూట్లు, తొలకరికి విత్తనాల అప్పు. ఆషాఢంలో బీసెంట్ రోడ్డు నిండా తగ్గింపు బోర్డులు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కొనే రూపు, లేదా కొనని రూపు. భాద్రపదంలో చవితి పందిరి చందా పుస్తకం గుమ్మం ముందుకొస్తుంది. దసరాకి మామూళ్లు, బోనసు. కార్తీకంలో వనభోజనాల వాటా, కోతకొచ్చిన వరి మీద తుఫాను. పుష్యంలో సంక్రాంతికి అల్లుడు. మాఘంలో పెళ్లిళ్లు, గుంటూరు వైపు మిర్చి. ఇలా రాసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి మీకొక నిఘంటువు తయారవుతుంది, అది మీ ఒక్కరిదే.

ప్రశ్న: మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని. టిక్కీ, తాలు, తేజ, కాటా లాంటి మాటలు హైకూలో పెడితే బయటి ఊళ్లవాళ్లకి అర్థమవుతాయా? ఇంకోటి, క్వింటాలు ధర అంకెల్లో వేయొచ్చా? (ఏటుకూరు రోడ్డు, గుంటూరు)

జవాబు: వృత్తి మాట ఒక్కటైతే ధైర్యంగా పెట్టండి. రెండు పెడితే రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. ఆ ఒక్క మాటకీ అర్థం పక్క మాట మోయాలి, అడుగున వివరణ రాయాల్సిన అవసరం రాకూడదు.

ఫాల్గుణ మబ్బు —
టిక్కీల మీద రైతు
ఫోను చూస్తాడు

టిక్కీ అంటే మిర్చి బస్తా అని తెలియని అనంతపురం పాఠకుడికి కూడా, రైతు దాని మీద కూర్చున్నాడు, అది అమ్ముడుపోలేదు, పైన మబ్బు పట్టింది అన్నంత వరకు అందుతుంది. ఫోనులో చూస్తున్నది రేటో, వానో, ఇంటినుంచి వచ్చిన మిస్డ్ కాలో చెప్పలేదు. చెప్పకండి కూడా. ‘రేటు చూస్తాడు’ అని దిద్దమని మీకు ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ‘తాలు’ మాట ఇంకా మంచిది. వరిలో గింజ లేని పొట్టు, మిర్చిలో రంగు పోయి తెల్లబడిన కాయ. మాట వినగానే తక్కువ ధర అని ఎవరికైనా తోస్తుంది. దాన్ని మనిషికి అన్వయించి ‘తాలు బతుకు’ అనకుండా ఉంటే చాలు. కాయను కాయలాగే ఉండనివ్వండి.

ధర అంకెలు వద్దు. ఈ ఏడాది దారుణం అనిపించిన ధర పదేళ్ల తర్వాత చదివేవాడికి ఏ రుచీ ఇవ్వదు. ఎంత అని కాకుండా ఎంతలో ఎంత అని చూడండి. సగం, పావు, ఒకటి తక్కువ, రెండోసారి. ఇవి పాతబడవు.

రోహిణి ఎండ —
సగమే ఆవకాయ
పెద్ద జాడీలో

ఏటా ఏభై కాయలు పట్టే జాడీ కొలత ఇంట్లో అందరికీ తెలుసు. మామిడి, నూనె, కారం ధరలు మూడూ ఆ ‘సగమే’లో కూర్చున్నాయి. ఇక్కడ నొక్కి పలికే ‘ఏ’ తీసి ‘సగం’ అని చదివి చూడండి, హైకూ పడిపోతుంది. జపాను హైకూలో యా, కనా, కెరి అని, కవితను ఒకచోట తెంపి నొక్కిచెప్పే విరుపు మాటలుంటాయి. అవి తెలుగులో లేవని బెంగపడేవాళ్లు మన ‘ఏ’ చేసే పని గమనించాలి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇల్లు మునిగింది. కొత్త ఫ్రిజ్జు పాడైపోయింది, వాయిదాలు మాత్రం కట్టాల్సి వచ్చింది. ‘బుడమేరులో / ఫ్రిజ్జు మునిగిపోయి / వాయిదా కట్టి’ అని రాశాను. ఏదో వార్త చదివినట్టుంది. ఎందుకు? (సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: చదివినట్టుంది కాదు, సగంలో ఆపేసిన వార్తే అది. తప్పు మీది కాదు, మన వ్యాకరణానిది. తెలుగు క్రియకు ‘–ఇ’, ‘–తూ’, ‘–ఇన’ అనే కొక్కేలు ఉన్నాయి. మునిగిపోయి, కట్టి, ఏడుస్తూ, కొన్న. ఇవి ఒక పాదాన్ని ఇంకో పాదానికి తగిలించేస్తాయి. మూడు పాదాలు కలిసి ఒకే వాక్యం అవుతుంది, ఆ వాక్యమూ పూర్తి కాదు. హైకూకి ఒక్కచోట తెగాలి. తెగిన చోట చదివేవాడు దూకుతాడు. కొక్కెం వేస్తే దూకే పని లేదు, నడిచి వెళ్లిపోతాడు.

కనుక మొదటి పని, మూడు పాదాల్లో ఉన్న –ఇ, –తూ రూపాలకు గీత పెట్టండి. రెండు ఉంటే ఒకటైనా పోవాలి. రెండో పని, బుడమేరు పేరు తీసేయండి. పేరు వరదను వార్తల్లోకి తీసుకుపోతుంది. నీళ్లు వెళ్లాక మీ ఇంట్లో మిగిలిందేమిటి? గోడల మీద, బీరువా మీద, ఫ్రిజ్జు మీద ఒకే ఎత్తులో బురద గీత. మునిగిన ఇళ్లన్నింటికీ అది ఉంటుంది.

బురద గీత
ఫ్రిజ్జు తలుపు మీద —
రేపు వాయిదా

తెగినచోటు ఇక్కడ రెండో పాదం చివర ఉంది. మొదటి పాదం దగ్గర తెగడం సులువు, అందరూ అక్కడే తెంపుతారు. వరసగా పది హైకూలు అలాగే ఉంటే చదివేవాడికి తాళం తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ ఇలా కింద తెంపండి. ఇంకో లాభం కూడా ఉంది. ‘వాయిదా’ అంటే కట్టాల్సిన కంతు, రేపటికి తోసేయడం కూడా వాయిదానే. రెండూ పడ్డాయి. ఇలాంటి మాట దొరికినప్పుడు దాన్ని చివర పెట్టండి గానీ, కింద గీత మాత్రం గీయకండి.

మీ ఇంటి తలుపు మీది గీత ఎంత ఎత్తో మీకు గుర్తుంటుంది. మోకాలా, నడుమా, భుజమా. దానితో ఇంకో హైకూ ఉంది, రాసి పంపండి.

ప్రశ్న: నా హైకూలన్నీ చివరి పాదంలో చురకతో ముగుస్తాయి. సభల్లో చప్పట్లు పడతాయి. మీ పత్రిక మాత్రం తిప్పి పంపిస్తోంది. (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: చప్పట్లకు మేం అడ్డం కాదు. కానీ మీరు రాస్తున్నవి సెన్‌ర్యూలు. 18వ శతాబ్దంలో కరాయి సెన్‌ర్యూ అనే ఆయన ఏరి కూర్చిన చిన్న కవితల వల్ల ఆ పేరు వచ్చింది. కొలత హైకూదే, ఋతువు అక్కర్లేదు, విరుపు అక్కర్లేదు, మనుషుల కక్కుర్తి మీద, ఇంటి గుట్టు మీద చిన్న నవ్వు. జీతం, బాసు, భార్య, పెన్షను దీనికి సొంత పొలం. జపానులో ఒక జీవిత బీమా సంస్థ 1987లో ఉద్యోగుల సెన్‌ర్యూ పోటీ మొదలుపెడితే అది దేశమంతా పాకింది. డబ్బు దిగులు నవ్వుగా బయటికొస్తే అది దానికి తగిన రూపమే. తక్కువ రకమని మేం అనం. ‘సెన్‌ర్యూ’ అని పైన రాసి పంపండి, వేస్తాం.

హైకూ అని పంపినప్పుడు మాత్రం చురక పనికిరాదు. మనకు చాటువు నుంచి మినీ కవిత దాకా కొసమెరుపు అలవాటు. నాలుగు పాదాల్లో 20 నుంచి 25 అక్షరాలుండే నానీ కూడా మలుపును బాగానే మోస్తుంది. హైకూ మోయలేదు. ఒకసారి నవ్వాక రెండోసారి చదవాల్సిన పని ఉండదు కదా. పరీక్ష తేలిక: మూడో పాదం మూసేసి మొదటి రెండు చదవండి. మూడోది లేకపోతే మొదటి రెండూ వట్టి ముందుమాట అయిపోతున్నాయా? అయితే అది చురక కోసం కట్టిన మెట్లు.

ప్రశ్న: ధరలు పెంచినవాళ్ల మీద కోపంగా రాయకూడదా? హైకూ అంటే ఎప్పుడూ మెత్తగానే ఉండాలా? (గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: ఎవరన్నారు? 1930లలో జపానులో కొత్త తరం వాళ్లు ఋతుపదం నియమాన్ని పక్కన పెట్టి నగరం మీద, యుద్ధం మీద హైకూలు రాశారు. 1940లో క్యోటో విశ్వవిద్యాలయం పేరుతో నడిచిన హైకూ పత్రికకు చెందిన కవులను శాంతిభద్రతల చట్టం కింద పోలీసులు పట్టుకుపోయారు. మెత్తని కవిత్వానికి ఎవరూ సంకెళ్లు వేయరు.

కోపం ఉండాలి, తిట్టు అక్కర్లేదు. ‘దోపిడీ’, ‘పేదవాడి కడుపు’, ‘నాయకులారా’ అన్న మాటలు నినాదంలో బాగుంటాయి, గోడ మీద బాగుంటాయి. హైకూలో వాటి చోటు ఒక తక్కెడకు ఇవ్వండి.

పావు కిలోకే
తక్కెడ రెండోసారి
సరిచూశాడు

అమ్మేవాడా, కొనేవాడా? ఎవరైనా ఇద్దరికీ అదే గతి. ఇందులో ఋతువు లేదు, విరుపూ సన్నగా ఉంది, సెన్‌ర్యూ గట్టు మీద నిలబడింది. ‘పావు కిలోకే’ తర్వాత ఒక్క క్షణం ఆగి చదివితే హైకూవైపు వాలుతుంది. దీని గురించి మాలోనే ఏకాభిప్రాయం లేదు.

ప్రశ్న: పక్క వాటాలో అద్దెకుండే వాళ్లకు ఇబ్బందులు. అప్పులవాళ్లు వస్తుంటారు, గొడవ వినపడుతుంది. వాళ్ల మీద హైకూలు రాయొచ్చా? (కొత్తపేట, గుంటూరు)

జవాబు: మీకు ఎంతవరకు వినపడిందో అంతవరకే రాయండి. గోడ ఇవతల మీరున్నారు, అవతలికి వెళ్లకండి. జపాను హైకూ మహాకవి బాషో తన చివరి శరత్తులో, 1694లో, సరిగ్గా ఈ స్థితి మీదే ఒక హైకూ చెప్పాడు: శరత్తు ముదిరింది, పక్కింటాయన ఏం చేసుకుంటూ బతుకుతున్నాడో అని. తెలియదు అన్నదే అందులో ఉన్నదంతా. ఆయన వెళ్లి తలుపు కొట్టి కనుక్కుని రాసి ఉంటే మూడు వందల ఏళ్ల పైన ఎవరూ చదివేవారు కాదు.

గోడ ఇవతలి నుంచి ఏమేం అందుతాయి? కుక్కరు కూతలు తగ్గడం. స్కూటరు చప్పుడు లేకపోవడం. గుమ్మం ముందు కొత్త చెప్పుల జత, లోపల గొంతులు తగ్గి మాట్లాడటం. కాలింగ్ బెల్ మోగినా ఎవరూ పలకకపోవడం. ఇవి చాలు. వీధి పేరు, ఉద్యోగం, పిల్లల వయసు, వాహనం రంగు ఉంచకండి. పత్రిక మీ పేటలోకీ వస్తుంది. అప్పు ఉన్నవాళ్లకి పరువే మిగిలిన ఆస్తి.

ప్రశ్న: రాత్రి రెండింటికి మెలకువ వచ్చి వడ్డీలు లెక్కవేసుకుంటుంటాను. హైకూ రాస్తే ఈ దిగులు తగ్గుతుందా? (గుణదల, విజయవాడ)

జవాబు: హైకూ నిద్రమాత్ర కాదు, అప్పు తీర్చదు. రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి అప్పులది. ఎవరికి, అసలెంత, నూటికి నెలకెంత, ఏ తారీఖు అని నాలుగు గడులు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. బంగారం మీద బ్యాంకు వేసే వడ్డీ పక్కన అది రాసి చూస్తే ముందు ఏది వదిలించుకోవాలో తెలుస్తుంది. ఈ పుస్తకం పగటిపూట, వీలైతే ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని తీయండి. రాత్రి రెండింటికి వేసే లెక్కలో ఎప్పుడూ ఏదో ఒక అప్పు రెండుసార్లు వస్తుంది.

రెండోది హైకూది. అందులో అంకె వేయకూడదు. రోజుకు పది నిమిషాలు, చూసినది మూడు వాక్యాలు. వారానికొక హైకూ నిలిస్తే గొప్ప. మెలకువ వచ్చిన రాత్రి ఏదైనా రాయాలనిపిస్తే ఆ గదిలో వినపడుతున్నది ఒక్కటి రాసి దీపం తీసేయండి. ఫ్యాను, గోడ గడియారం, కృష్ణా కాలవ మీదుగా వెళ్లే గూడ్సు బండి.

బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా దాన్ని కవిత చేసి దాచుకోవద్దండీ. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఒకరికైనా చెప్పండి. అది ముందు, హైకూ తర్వాత.

ప్రశ్న: హైకూకి శీర్షిక పెట్టాలా? (వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: వద్దు. ‘అప్పు’ అని పైన పెట్టారంటే కింద మూడు పాదాలూ దాచినదంతా తలుపు దగ్గరే చెప్పేసినట్టు. నాలుగైదు కలిపి పంపితే వాటికి వరస సంఖ్య చాలు. తెల్లకాగితం మీద ఒకవైపే రాయండి, పాదానికీ పాదానికీ మధ్య చుక్కలు పెట్టకండి, గీత ఒక్కటి చాలు. జూన్ నెల హైకూలు మాకు ఏప్రిల్ చివరికి అందాలి.